సన్మానపత్రంలో కదిలిన చేతులు

ఈ ఉదంతంలో నేను స్వయంగా చూసింది సగమే. ఆ సగమైనా గాజు తలుపుకు బయటివైపు, నెత్తిన తడి తువ్వాలుతో నిలబడి చూసిందే తప్ప గౌరవప్రదమైన స్థానం నుంచి చూసింది కాదు. తలుపుకు లోపలివైపు జరిగినదాన్ని స్వప్న చెప్పింది. మర్నాడు మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ కొద్దికొద్దిగా చేస్తూ చెప్పింది. కింద గేటు దగ్గర జరిగింది మా సెక్యూరిటీ గార్డు మల్లయ్య చెప్పాడు. ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అతని తప్పు కొంత తగ్గుతూ వచ్చింది. ఆ సమయంలో ఇంట్లో లేనేలేని మా ఆవిడ సరోజిని అందరికంటే వివరంగా చెబుతుంది. ఆవిడ కథనాన్ని నేను ఇక్కడ స్వీకరించడం లేదు.

"రావుగారూ, మిమ్మల్ని ఎవరో ఇంటర్వ్యూలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టారట కదా!" అని మన వాకింగ్ మిత్రులు నాలుగు రోజులుగా అడుగుతున్నారు. నిజమే. కూర్చోబెట్టారు. ఎందుకో చెబుతాను, టీ చల్లారకముందే వినండి.

స్వప్న మల్లయ్యకు అక్క కూతురు. జనగామ దగ్గర పల్లె. ఇంజనీరింగ్ పూర్తిచేసి పదకొండు నెలలుగా నిజాంపేటలో లేడీస్ హాస్టల్లో, గదికి నలుగురు చొప్పున ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. పొద్దున్నే రెజ్యూమే కాపీలు ఫైల్లో పెట్టుకుని మాదాపూర్, గచ్చిబౌలి తిరగడం, అద్దాల భవనాల ముందు క్యూలో నిలబడడం, సాయంత్రం "వి రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యూ" అనే మెయిల్ చదువుకోవడం. ఈమధ్య అంతా ఆన్‌లైన్ ఇంటర్వ్యూలే. ఒకదానిలో సగం జవాబు చెబుతుండగా హాస్టల్ వైఫై పోయింది. ఇంకోదానిలో వెనకాల ఎవరో మిక్సీ వేశారు. "ఇట్స్ టూ నాయిజీ" అని అటువైపు ఆయన కాల్ కట్ చేశాడు.

ఒక ఉదయం మల్లయ్య లిఫ్ట్ దగ్గర నన్ను ఆపాడు.

"సార్, జర ఒక మాట. మా పిల్లకు ఇది లాస్టు రౌండంట. మొన్నటి రెండు రౌండ్లు పాసయింది. ఈసారి గూడ గాకపోతే హాస్టల్ ఖాళీ చేసి వచ్చెయ్యమన్నడు మా బావ. ఊర్ల ప్రైవేటు బడిల టీచరుగ పెట్టిస్తడంట. పిల్ల మూడు రోజుల సంది అన్నం సరిగ తింటలేదు. మీ ఇంట్ల ఓ గంట కూసుండనిస్తరా సార్?"

నేను ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు ఉపన్యాసకుడిగానూ, ప్రిన్సిపాల్‌గానూ పనిచేసినవాణ్ణి. లెక్కలేనన్ని పరీక్షలకు చీఫ్ సూపరింటెండెంట్‌గా ఉన్నాను. నా హాల్లో ఎవరూ చీటీ తీయలేదు, ఎవరూ తల తిప్పలేదు. అలాంటి నన్ను ఒక గంట నిశ్శబ్దం ఏర్పాటు చేయమంటే చెయ్యలేనా!

"మల్లయ్యా, ఆ పిల్ల నిశ్చింతగా రావచ్చు. గది నాది, పూచీ నాది," అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండవలసింది.

ఇంటర్వ్యూకు ముందు నాలుగు రోజులు స్వప్న వచ్చి మా ఇంట్లో ప్రాక్టీసు చేసింది. ఆమె తెచ్చిన ప్రశ్నల పట్టిక చూసి నేను అడిగేవాణ్ణి, ఆమె చెప్పేది. సాఫ్ట్‌వేర్‌లో నాకు ఓనమాలు తెలియవు. అయినా ఒకే ప్రశ్నను నాలుగు రోజులు అడిగితే దాని జవాబు అడిగినవాడికి కూడా కంఠతా వచ్చేస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత నా కొంప ముంచింది ఇదే.

కంగారుపడితే స్వప్న మాటలు ఒకదాని మీదికొకటి తోసుకొస్తాయి. అందుకని ఒక సైగ నేర్పాను. నేను కుడి అరచెయ్యిని గాలిలో మూడుసార్లు మెల్లగా కిందికి దించితే, "ఊపిరి తీసుకో, నిదానంగా మొదలుపెట్టు" అని అర్థం. బాగా పనిచేసింది. ఆమె వెనక గోడ బోసిగా ఉందని, హుందాగా ఉంటుందని, రిటైరైన రోజున కాలేజీవారు ఇచ్చిన సన్మానపత్రాన్ని హాల్లోంచి తెచ్చి అక్కడ తగిలించాను. మూడడుగుల ఫ్రేము, మంచి అద్దం.

"ఇంటర్వ్యూ ఆ పిల్లకా, మీకా?" అంది సరోజిని.

ఇంటర్వ్యూ నాలుగు గంటలకు. కానీ ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి కంపెనీవారు ఫోన్ చేసి పదకొండుకు మార్చామన్నారు. స్వప్న రెండు బస్సులు మారి, షేర్ ఆటో ఎక్కి పదిన్నరకు పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్‌కు చేరింది. ఆమె వచ్చేసరికి మల్లయ్య వెనకవైపు నీళ్ళ మోటరు దగ్గర ఉన్నాడు. టైము మారిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పి ఉండవచ్చు. తోచలేదు.

ఎందుకంటే నేను ఏర్పాట్లలో మునిగి ఉన్నాను. కుక్కర్ విజిల్ వినిపించకూడదని సరోజినిని లింగంపల్లిలో వాళ్ళ చెల్లెలింటికి పంపించాను. కాలింగ్ బెల్ తీగ పీకేశాను. నా సెల్‌ఫోన్ స్విచాఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకు బియ్యం డబ్బాలో అని అడగకండి, ఆ ఊపులో అలా తోచింది.

నియమాలు స్వప్న ముందే చెప్పింది. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పి గది అంతా చూపించాలి. ఆ తరువాత కుర్చీలోంచి లేవకూడదు, పక్కచూపులు చూడకూడదు. పక్కన ఎవరో కూర్చుని జవాబులు అందిస్తుంటే పెదాలు కదిపే అభ్యర్థులు ఈ మధ్య ఎక్కువయ్యారట. అనుమానం వస్తే చాలు, అక్కడికక్కడే తీసేస్తారు. మళ్ళీ ఆ కంపెనీ గడప తొక్కనివ్వరు.

"భేష్! ఉండవలసిన నియమాలే," అన్నాను.

పదకొండుకు ఏడు నిమిషాలుంది. స్వప్న మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. ఆ గదికి ఆనుకుని చిన్న బాల్కనీ ఉంది. అక్కడ ఏసీ డబ్బా మీద రెండు పావురాలు కూర్చుని గుటగుటమంటున్నాయి. ఇది కుదరదనుకుని, బాల్కనీలోకి వెళ్ళాను. ఆ పక్కన ఆరేసిన డబుల్‌కాట్ దుప్పటి వెనక్కి చేరి, చేతులు చాపి, వాటిని తోలుతున్నాను. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఎవరు చూస్తారు!

ఈలోగా స్వప్న వచ్చి కూర్చుంది. ఇంటర్వ్యూ చేసే ఆయన ఐదు నిమిషాలు ముందే లైన్లోకి వచ్చేశాడు. "ప్లీజ్ క్లోజ్ ఆల్ ది డోర్స్ అండ్ షో మీ ది రూమ్." ఆమె లేచి హాలు తలుపు వేసింది. బాల్కనీ గాజు తలుపు లాగి గడియ పెట్టింది. దుప్పటి కనిపించింది, నేను కనిపించలేదు. ల్యాప్‌టాప్ గిర్రున తిప్పి చూపించింది. ఖాళీ గది, ఖాళీ బాల్కనీ, సన్మానపత్రం.

"గుడ్. షల్ వి స్టార్ట్?"

నేను దుప్పటి తొలగించుకుని వచ్చి తలుపు పట్టుకుని లాగాను. రాలేదు.

మూడో అంతస్తు. నెత్తిన ఎండ. తలుపు కొడితే ఆ చప్పుడుతో అమ్మాయి పదకొండు నెలల కష్టం పోతుంది. ఫోన్ బియ్యంలో ఉంది. నేను మెల్లగా వెనక్కి జరిగి, బకెట్ బోర్లించి కూర్చుని, ఆరేసిన తడి తువ్వాలు తీసి నెత్తిన వేసుకున్నాను. గంటేగా అనుకున్నాను. పావురాలు తిరిగి వచ్చాయి.

స్వప్న గాజు తలుపుకు ఎదురుగా కూర్చుంది. వెలుతురు మొహం మీద పడాలని అలా కూర్చోబెట్టింది కూడా నేనే. ఇరవై నిమిషాల తరువాత ఒక జవాబు ముగించి తల ఎత్తింది. ఎదురుగా అద్దం అవతల బకెట్ మీద, తువ్వాలు కప్పుకుని నేను! ఆ పిల్ల కళ్ళు ఎంత పెద్దవయ్యాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను వెంటనే నోటి మీద వేలు పెట్టుకుని, పర్వాలేదు కానివ్వు అన్నట్టు తల ఊపాను.

"స్వప్న, ఎనీ ప్రాబ్లమ్? మీరు ఎటో చూస్తున్నారు."

"నో సర్. సారీ సర్."

సరిగ్గా అప్పుడే సందు మలుపులో మైకు మోగింది. "ఉల్లిగడ్డా... ఆలుగడ్డా... తాజా తాజా ఉల్లిగడ్డా..." రికార్డు చేసిన గొంతు. ట్రాలీ ఆటో మా గేటు వైపే వస్తోంది. రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తాను. కింద మల్లయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చప్పట్లు కొట్టలేను, పిలవలేను. కుడి చెయ్యి ఐదు వేళ్ళూ చాచి, "ఆపు!" అని చూపించాను.

మల్లయ్య చూశాడు. లేచాడు. ఆటోను సరిగ్గా మా బాల్కనీ కింద ఆపాడు.

"అయిదు కిలోలా సార్?"

నేను హడలిపోయి రెండు చేతులూ ఎత్తి, వేళ్ళన్నీ విప్పి, వద్దు వద్దని ఊపాను.

"పదా సార్? పది ఎందుకు సార్, ఏమన్న ఫంక్షన్ ఉందా?"

మైకు మోగుతూనే ఉంది. నేను నోటి మీద వేలు పెట్టాను. ఆటోవైపు చూపించాను. పొమ్మన్నట్టు రెండు చేతులూ బలంగా విసిరాను. మల్లయ్య కాసేపు ఆలోచించి ఆటో ఆయనతో ఏమన్నాడో తరువాత అతనే చెప్పాడు. "సారు మంచివి ఏరి వెయ్యమంటున్నడు. జల్దీ చెయ్యి, సారు పరేషాన్ల ఉన్నడు."

గదిలోకి తిరిగి చూశాను. స్వప్న మాట ఆగిపోయింది. మైకు హోరులో ప్రశ్న సగమే వినిపించిందట ఆమెకు. నేను ఎక్కడున్నానో, ఎలా ఉన్నానో మరిచిపోయాను. నాలుగు రోజుల అలవాటు. కుడి అరచెయ్యి ఎత్తి, గాలిలో మూడుసార్లు మెల్లగా కిందికి దించాను.

ఆమె ఊపిరి తీసుకుంది. ప్రశ్నలో మిగతా సగం ఊహించుకుని గడగడా జవాబు చెప్పేసింది.

నేను సంతృప్తిగా తల ఊపాను. అంతలో ఆటో కదిలి మైకు దూరమైంది. అటువైపు ఆయన నోరు విప్పాడు. ఆ మాటలు తలుపులోంచి నాకూ వినిపించాయి.

"స్వప్న, ప్లీజ్ స్టాప్ దేర్. మీ వెనక ఫ్రేము అద్దంలో ఒక మనిషి కనిపిస్తున్నాడు. పది నిమిషాలుగా చేతులు ఊపుతున్నాడు. ఇప్పుడు మీరు ఆగిపోయారు, అతను సైగ చేశాడు, మీరు జవాబు చెప్పారు. రూమ్ ఖాళీ అని చూపించారు కదా. హూ ఈజ్ హీ?"

నా సన్మానపత్రం! తళతళలాడే ఆ అద్దం! నేను గంధం బొట్టుతో శాలువా కప్పుకున్న రోజున ఇచ్చిన పత్రంలో ఇప్పుడు తువ్వాలు కప్పుకుని దొంగలా దొరికిపోయాను. ముప్పై నాలుగేళ్ళు కాపీలు పట్టుకున్నవాణ్ణి, కాపీ కొట్టిస్తూ పట్టుబడ్డాను.

అప్పుడే ముందు తలుపు దబదబమని మోగింది. "సార్! ఉల్లిగడ్డ తెచ్చిన!"

స్వప్న ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "సర్, వన్ మినిట్ పర్మిషన్ ఇవ్వండి. ఆ మనిషిని మీ ముందుకే తీసుకొస్తాను," అంది. లేచి గడియ తీసింది. ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది.

తువ్వాలు తీసి నమస్కరించాను. "సర్, ఐ డీమ్ ఇట్ మై సోలెమ్న్ డ్యూటీ టు క్లారిఫై..." అని మొదలుపెట్టాను. తెర మీద ఉన్న నలభై ఏళ్ళ మనిషి చెయ్యి ఎత్తి ఆపాడు. ఇస్త్రీ చొక్కా చూశాడు, లుంగీ చూశాడు. ఇంగ్లీషు వదిలేశాడు.

"పెద్దాయనా, మీరు ఐటీల చేసిన్రా?"

"లేదండి. ఇంగ్లీషు ఉపన్యాసకుణ్ణి. రిటైరయ్యాను."

"అయితే సాఫ్ట్‌వేర్ గురించి మీకేం తెల్వదు."

"తెలియదండి" అనే ఒక్క మాట అంటే అయిపోయేది. స్వప్న నావైపు ప్రాధేయపడుతూ చూస్తోంది. కానీ ముప్పై నాలుగేళ్ళలో ఒక్క విద్యార్థి ముందు కూడా నాకు తెలియదు అని అనని నోరు ఇది.

"కొంత పరిచయం ఉందండి," అన్నాను.

ఆయన ముందుకు వంగాడు. "ఓహో. స్టాక్ అంటే ఏంది, క్యూ అంటే ఏంది?"

ఆ ప్రశ్న పట్టికలో ఏడోది. నా అనుమతి లేకుండానే నోరు తెరుచుకుంది. "స్టాక్‌లో చివర వచ్చింది ముందు పోతుంది. క్యూలో ముందు వచ్చింది ముందు పోతుంది."

స్వప్న కళ్ళు మూసుకుంది. ఆయన ఏదో రాసుకున్నాడు. నేను చేసిన పని అప్పుడు అర్థమైంది నాకు. సైగలకు సాక్ష్యం కావలసి వస్తే నేనే నోటితో ఇచ్చాను.

"మంచిగ చెప్పిన్రు," అన్నాడాయన చల్లగా. "మీ అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ ఉంది గదా. కింద పదిమంది ఒకల వెనక ఒకలు ఎక్కిన్రు. అందరూ పైన ఒక్కటే ఫ్లోర్ల దిగుతరు. అది స్టాకా, క్యూనా?"

ఇది పట్టికలో లేదు. కానీ లిఫ్ట్ నాకు తెలిసిన విషయం. "నిస్సందేహంగా క్యూ అండి! నేను కమిటీ మెంబర్ని. వరుసలో రావాలని బోర్డు పెట్టించింది నేనే. మా దగ్గర క్రమశిక్షణ..."

"కాదు సార్!"

స్వప్న. ఆపుకోలేకపోయింది. "సార్, మీరు ముందు ఎక్కితె ఎక్కడ నిలవడతరు? లోపటికి జరిగి అద్దం కాడ నిలవడతరు గదా. లాస్టుకు ఎక్కినోళ్ళు తలుపు కాడ ఉంటరు. పైకి పోయినంక తలుపు తెరిస్తె ముందుగాల ఎవరు దిగుతరు? లాస్టు ఎక్కినోళ్ళే. అది స్టాక్ సార్!"

కంగారులో ఊరి భాష వచ్చేసిందని తెలిసి నాలుక కరుచుకుంది. తెర మీద ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"మరి దాన్ని క్యూ చెయ్యాలంటే ఏం మార్చాలె అమ్మా?"

ఆమె రెండు క్షణాలు ఆలోచించింది. నా చెయ్యి లేవబోయింది. లుంగీ అంచు గట్టిగా పట్టుకుని ఆపుకున్నాను.

"వెనక గూడ ఒక తలుపు పెట్టాలె సర్. పెద్ద దవాఖానల ఉంటది సూడండి, ఇటు ఎక్కి అటు దిగేది. గప్పుడు ముందు ఎక్కినోళ్ళే ముందు దిగుతరు."

"పెద్దాయనా, మీకు సమజయిందా?"

నేను స్వప్న వైపు చూశాను. నిజం చెప్పాలంటే నాకు వెనక తలుపు ఎటువైపు వస్తుందో తేలలేదు. "లేదండి," అన్నాను. "నాకు తెలియదు. ఇంకోసారి చెప్పమ్మా."

ఆమె కాగితం మీద గీసి చెప్పింది. నాకు ఈసారి కొంత అర్థమైంది. ఆయనకు పూర్తిగా అర్థమైంది, జవాబు ఎవరిదో.

ముందు తలుపు మళ్ళీ మోగింది. "ఆ తలుపు కొట్టేటాయన్ని గూడ పిలువుండ్రి," అన్నాడు. మల్లయ్య పది కిలోల సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చి, మేనకోడల్ని చూసి రాయిలా నిలబడిపోయాడు. "బిడ్డా! నాలుగింటికి గాదా?"

"ఇద్దరూ గదిలనే ఉండాలె, నాకు కనవడాలె," అన్నాడాయన. "కానీ గోడ దిక్కు మొఖం పెట్టి కూసోవాలె. చేతులు ఒళ్ళో ఉండాలె."

అలా మిగిలిన ముప్పై ఐదు నిమిషాలూ చీఫ్ సూపరింటెండెంట్ రాఘవరావు, సెక్యూరిటీ గార్డు మల్లయ్య, మధ్యలో ఉల్లిపాయల సంచి, సన్మానపత్రం ముందు గోడవైపు తిరిగి కూర్చున్నాం. నా ముక్కుకు ఎదురుగా "విద్యార్థులకు మార్గదర్శి" అన్న అక్షరాలు. వెనక స్వప్న గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

తరువాత తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. ఆ తొమ్మిది రోజులూ నేను గేటు వైపు వెళ్ళలేదు, మల్లయ్య నా వైపు చూడలేదు. స్వప్న హాస్టల్లో పెట్టె సర్దుకుంది. పదో రోజు మధ్యాహ్నం కింద నుంచి కేక వినిపించింది. "సార్! వచ్చిందంట సార్!" ఇంటర్వ్యూ రోజున ఆ మైకు ఆటో కూడా అంత గట్టిగా అరవలేదు.

స్వప్న ఉద్యోగంలో చేరింది. నిజాంపేట వదిలి గచ్చిబౌలిలో గదికి ఇద్దరు ఉండే హాస్టల్‌కు మారింది. సరిగ్గా తింటోందని మల్లయ్య చెబుతున్నాడు. వాళ్ళ నాన్న ఒక ఆదివారం వచ్చి, ఆఫీసు భవనాన్ని రోడ్డవతల నుంచి చాలాసేపు చూసి, "లిఫ్టుకు రెండు తలుపులున్నయా?" అని అడిగి వెళ్ళాడట.

ఇంటర్వ్యూ చేసిన ఆయన ఇప్పుడు కొత్తవాళ్ళందరినీ ఆ లిఫ్ట్ ప్రశ్నే అడుగుతున్నాడని స్వప్న చెప్పింది. చాలామంది క్యూ అనే చెబుతున్నారట. నాకు కొంత ఊరట.

మల్లయ్య గేటు దగ్గరే ఉన్నాడు. నేను కారులోంచి చెయ్యి ఎత్తి పలకరిస్తే చాలు, "ఎన్ని కిలోలు సార్?" అంటాడు. ఉల్లిపాయలు ఇంకా ఉన్నాయి. సన్మానపత్రాన్ని సరోజిని అటక మీదికి చేర్చింది.

వచ్చే మంగళవారం స్వప్న రూమ్‌మేట్‌కు ఇంటర్వ్యూ ఉంది. మా గదే కావాలని అడిగారు. సరోజిని సంతోషంగా ఒప్పుకుంది, ఒకే ఒక షరతు మీద. ఆ రోజు ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. లింగంపల్లి వెళ్ళవలసింది నేను.